బెడ్ పక్కన చూపే అసలు పరీక్ష

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఒకప్పుడు ఈ మూడు చోట్ల కేసు కాస్త సీరియస్ అయితే బండి వరంగల్ ఎంజీఎం దారి పట్టాల్సిందే. ఇప్పుడు లెక్క మారింది. మహబూబాబాద్‌లో 2022 నవంబరులో, జనగామ, భూపాలపల్లిలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. జిల్లా ఆసుపత్రులు బోధనాసుపత్రులయ్యాయి. అంటే సీరియస్ కేసులు ఇక్కడే ఉంటాయి, వాటిని చూసుకునే నర్సులూ ఇక్కడే కావాలి.

కొలువులూ వచ్చాయి. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది నర్సింగ్ ఆఫీసర్లు నియామక పత్రాలు అందుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో మరో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20. జీఎన్ఎం, బీఎస్సీ చదివినవాళ్లంతా బిట్ల పుస్తకాలు పట్టుకున్నారు. తప్పు లేదు. కానీ నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ చేయడం వేరు, అర్ధరాత్రి వార్డులో ఆప్షన్లే లేనిచోట నిర్ణయం తీసుకోవడం వేరు.

నిద్రా? విషమా?

మన జిల్లాల్లోనే జరగగల ఒక కేసు చూద్దాం. వానాకాలం, రాత్రి నేల మీద పడుకున్న రైతును ఏదో కుట్టిందని తెచ్చారు. వాపు లేదు, గాటు సరిగా కనిపించట్లేదు. బీపీ, పల్స్ బాగానే ఉన్నాయి. తెల్లవారుజామున ఆయన కళ్లు మూతలు పడుతున్నాయి. అలసిపోయి నిద్రపోతున్నాడని వదిలేస్తే? ‘నిద్ర కాదు సిస్టర్, రెప్పలు లేస్తలేవు’ అంటున్నాడేమో అడిగారా?

కట్లపాము కాటు ఇలాగే ఉంటుంది. కాటు దగ్గర పెద్దగా గుర్తే ఉండదు. కడుపునొప్పి రావచ్చు. రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది, ఆఖరికి ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. ‘బాపూ, కండ్లు పైకెత్తి చూడు, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టు’ అని గంటగంటకూ అడిగే నర్సుకు ఆ తేడా ముందే దొరుకుతుంది. ఇందాక ముప్ఫై దాకా లెక్కపెట్టినాయన ఇప్పుడు పదిహేను దగ్గరే ఆగిపోతే, బీపీ నార్మల్‌గా ఉన్నా డ్యూటీ డాక్టర్‌ను లేపాల్సిందే. క్లినికల్ జడ్జ్‌మెంట్ అంటే ఇదే. గమనించడం, దేనికి సంకేతమో ఆలోచించడం, ఏది ముందో తేల్చుకోవడం, కదలడం, మళ్లీ వచ్చి చూడటం. అమెరికా లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ కూడా 2023 ఏప్రిల్ నుంచి కేసు స్టడీలతో ఈ వరుసనే పరీక్షిస్తోంది.

చిన్న తప్పు, పెద్ద నష్టం

మహబూబాబాద్ వార్డులో ఇద్దరు బానోతులు, ముగ్గురు గుగులోతులు ఒకేసారి ఉండటం వింతేమీ కాదు. ‘నీ పేరు ఫలానాయే కదా?’ అంటే నొప్పిలో ఉన్న మనిషి దేనికైనా తలూపుతాడు. ‘మీ పేరు చెప్పండి’ అని అడగాలి, ఐపీ నంబరుతో సరిచూడాలి. ఆ తర్వాతే ఇంజెక్షన్. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటి మందులైతే ఇంకొకరితో కూడా చెక్ చేయించాలి.

ఇంకో అలవాటు ఉంది. పాత షీటులో ఉన్న శ్వాస సంఖ్యనే మళ్లీ రాసేయడం. పెద్దవాళ్లలో నిమిషానికి 12 నుంచి 20 నార్మల్. 25కు చేరితే ప్రమాద సూచన. బీపీ పడిపోకముందే చాలాసార్లు శ్వాసే చెబుతుంది. వాచీ చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు.

డాక్టర్‌కు ఫోన్ చేసినప్పుడు ‘సార్, పేషెంట్ బాలేడు’ అంటే లాభం లేదు. ‘సార్, ఐదో బెడ్, పాము కాటు అనుమానం. రెండు గంటలప్పుడు బాగున్నాడు, ఇప్పుడు రెప్పలు వాలాయి, శ్వాస ఇంత ఉంది. మీరు వెంటనే రావాలి’ అనాలి. చెప్పిన టైము కేస్ షీటులో రాయాలి.

భారం నర్సు ఒక్కరిదేనా?

కాదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి డ్యూటీలో వార్డు మొత్తానికి ఒకరే మిగిలితే ఎంత చురుకైన చూపుకైనా ఏదో ఒకటి తప్పిపోతుంది. కాలేజీ బోర్డు మారినంత మాత్రాన సరిపోదు, ఖాళీలు నిండాలి. విద్యార్థులను లేని సిబ్బంది స్థానంలో వాడుకోకుండా పక్కన నిలబడి నేర్పే ట్యూటర్లు ఉండాలి.

మీ చేతిలో ఉన్నదీ ఒకటుంది. పట్టా చేతికి రావాలంటే క్లినికల్ హాజరు వంద శాతం పూర్తి చేయాల్సిందే. ఎలాగూ వెళ్లాల్సిన రోజులే కదా, వాటిని సంతకాలతో సరిపెట్టకండి. రోజుకో రోగిని ఎంచుకుని పొద్దున ఎలా ఉన్నాడు, సాయంత్రానికి ఏం మారింది, ఎందుకు మారి ఉంటుంది అని చిన్న నోట్‌బుక్‌లో రాయండి. మీ అంచనా తప్పో ఒప్పో సీనియర్ సిస్టర్‌ను అడగండి. ఆ పుస్తకం కేసు ప్రశ్నలకు, ఇంటర్వ్యూకు పనికొస్తుంది. అంతకన్నా ముందు, రెప్పలు వాలుతున్న ఆ రైతుకు పనికొస్తుంది.