పరగ్వసూ ఒడ్డున జెరాల్డో

చుట్టల పెట్టె మూత మీద ఒక పేరు ఉంటుంది. పెట్టె తెరిచేవాళ్లు దాన్ని సరుకు పేరనే అనుకుంటారు. ఆ పేరుతో ఒక మనిషి తిరిగాడని, అతనికీ ఓ పుట్టినూరు ఉండేదని ఎవరికీ తట్టదు. డానెమన్ అలాంటి పేరే. ఆ పేరుగల మనిషి గురించి కాసేపు చెప్పుకోవాలనిపిస్తోంది.

ఆయనకు ఇంట్లో పెట్టిన పేరు గెర్హార్డ్. ఉత్తర జర్మనీలో వేజర్ నది మీది బ్రెమెన్ ఆయన ఊరు. అట్లాంటిక్ దాటి వచ్చే పొగాకు యూరప్‌లో దిగే ముఖ్యమైన రేవుల్లో అదొకటి. 19వ శతాబ్దం మధ్యలో ఆ ఊళ్లో వేలమంది చుట్టలు చుట్టి బతికారు. అక్కడ పుట్టిన పిల్లలకు ఆకు వాసన చిన్నప్పటి నుంచే అలవాటు.

సరుకు దిగే ఆ తీరం నుంచే మనుషులు వెళ్లిపోతుండేవారు. దిగువన ఉన్న బ్రెమర్‌హాఫెన్ రేవులో ఓడెక్కినవాళ్లలో ఎక్కువమంది న్యూయార్క్ దారి పట్టారు. గెర్హార్డ్ మాత్రం 1872లో దక్షిణానికి, బ్రెజిల్‌లోని బహియాకు వెళ్లాడు. అప్పటికి ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. పొగాకు చేరే ఊరి నుంచి పొగాకు పండే ఊరికి ప్రయాణం.

ఆ వయసులో ఇల్లు విడిచేవాళ్లు ‘ఇక రాను’ అని చెప్పి గడప దాటరు. నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చేస్తామనే అంటారు. అన్నప్పుడు అది నిజమే. మన ఊళ్ల నుంచి రంగూన్ వెళ్లినవాళ్లూ, తర్వాతి కాలంలో గల్ఫ్‌కూ అమెరికాకూ వెళ్లినవాళ్లూ అదే మాట చెప్పి వెళ్లారు. కొందరు వచ్చారు. కొందరికి అక్కడ పిల్లలు పుట్టారు, ఇళ్లు లేచాయి, రావడం ఏటికేడు వాయిదా పడింది.

సాల్వదోర్ నగరం ముందున్న పెద్ద అఖాతాన్ని దాటి పరగ్వసూ నదిలో పైకి వెళితే రెండు ఊళ్లు ఎదురెదురుగా కనిపిస్తాయి. ఒక ఒడ్డున కషోయిరా, రెండో ఒడ్డున సావ్ ఫెలిక్స్. ఆవిరి పడవలు అక్కడిదాకా వచ్చేవి. 1885లో రెండింటినీ కలుపుతూ ఇనుప వంతెన వచ్చింది. ఆ ప్రాంతాన్ని రెకాంకవో అంటారు. ఎప్పటి నుంచో పొగాకు నేల. 1873లో గెర్హార్డ్ సావ్ ఫెలిక్స్‌లో చుట్టల కార్ఖానా తెరిచాడు. ఆరుగురు పనివాళ్లతో మొదలైందని కంపెనీవాళ్లు చెప్పుకుంటారు.

ఆ నేల మీది పొగాకుకు అంతకు ముందు ఒక చరిత్ర ఉంది. అది తలచుకోకుండా ముందుకు వెళ్లబుద్ధి కావడం లేదు. నాసిరకం ఆకును బెల్లపు పాకంతో తడిపి, తాళ్లుగా పేని, పెద్ద ఉండలుగా చుట్టి ఓడల్లో పశ్చిమాఫ్రికా తీరానికి పంపేవారు. దానికి బదులుగా మనుషులను కొనుక్కొచ్చేవారు. గెర్హార్డ్ వచ్చేనాటికి ఆ ఓడలు ఆగిపోయాయి కానీ బానిసత్వం పోలేదు. 1888 మే 13న గాని బ్రెజిల్‌లో దానికి తెరపడలేదు.

కార్ఖానా బల్లల ముందు కూర్చున్నవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు. చాలామంది ఆ ఓడల్లో వచ్చినవాళ్ల మనవరాళ్లు, మునిమనవరాళ్లు. యజమానీ సముద్రం దాటి వచ్చినవాడే, వాళ్ల పెద్దలూ సముద్రం దాటి వచ్చినవాళ్లే. ఆయన తనకు తానుగా ఓడెక్కాడు. వాళ్ల పెద్దలను ఎవరూ అడగలేదు. ఒకే కప్పు కింద ఈ రెండు రకాల వలసా పక్కపక్కన పనిచేసిందన్నది తలచుకుంటే మనసు కాసేపు అక్కడే ఆగిపోతుంది.

వాళ్ల పని చూడడానికి తేలిక. పందిళ్లలో వేలాడదీసి ఆరబెట్టిన ఆకును గుట్టలుగా పేర్చి నెలల తరబడి మగ్గబెడతారు. తర్వాత ఈనె తీస్తారు. లోపల కూరే ఆకు వేరు, దాన్ని పట్టి ఉంచే ఆకు వేరు, పైన చుట్టేది వేరు. పై ఆకు పలచగా, మచ్చ లేకుండా ఉండాలి. గట్టిగా బిగిస్తే పొగ లాగదు. వదులైతే త్వరగా కాలిపోతుంది. ఎంత బిగించాలో వేళ్లకే తెలియాలి. ఆ తెలివి తల్లి పక్కన కూర్చున్న కూతురికి అబ్బుతుంది. పెట్టె మీద అచ్చయిన పేరు ఒక్కటే. లోపలి సరుకుకు ప్రాణం పోసింది మాత్రం ఈ వేళ్లే.

కార్ఖానా పెరిగింది. రెండవ పెద్రో చక్రవర్తి దానికి రాజముద్ర అనుగ్రహించాడు. 1889లో చక్రవర్తి పాలన పోయి రిపబ్లిక్ వచ్చింది. అప్పటిదాకా కషోయిరా కింద ఉన్న సావ్ ఫెలిక్స్ విడిగా ఊరై నిలిచింది. ఆ ఊరికి మొదటి మేయర్ అయింది ఈ బ్రెమెన్ మనిషే. అప్పటికి గెర్హార్డ్ పేరు మారిపోయింది. ఊరందరికీ ఆయన జెరాల్డో.

నాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన సంగతి ఇది. పరాయి దేశంలో డబ్బు చేసుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. ఆ ఊరి వీధుల బాగోగులూ, నీళ్ల ఇబ్బందులూ, వాననీటి కాలవల గొడవలూ నెత్తికెత్తుకునేవాళ్లు కొద్దిమందే. లాభం వచ్చే చోటు ఎప్పటికైనా వదిలిపెట్టగలిగేదే. తగాదా తీర్చమని జనం తలుపు తట్టే చోటును వదలడం అంత సులువు కాదు. పరాయివాడు ఎప్పుడు సొంతవాడయ్యాడో చెప్పే తేదీ ఏ కాగితంలోనూ ఉండదు కానీ, ఇలాంటి పనుల మధ్యే ఎక్కడో అది జరిగిపోయి ఉంటుంది.

ఆయన ఒక్కడే కాదు. 1888లో అవుగుస్ట్ సుయెర్డీక్ అనే మరో జర్మన్ పొగాకు బేళ్ల తనిఖీకని బహియా వచ్చి, అదే నది దిగువన మరగొజీపె ఊళ్లో తన పేరుతో చుట్టల వ్యాపారం మొదలుపెట్టాడు. చాలాకాలం ఆ తీరంలో ఏ ఇంటికి వెళ్లినా పొగాకు పని చేసేవాళ్లు ఎవరో ఒకరు ఉండేవారు.

జెరాల్డో 1921లో కన్నుమూశాడు. 1942 ఆగస్టులో బ్రెజిల్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. జర్మన్ల వ్యాపారాలు ప్రభుత్వం చేతికింద పడ్డాయి. బతికుంటే తానే ఏలిన ఊళ్లో శత్రుదేశస్థుడు అనిపించుకునేవాడు. ఆ రోజు చూడకుండానే వెళ్లిపోయాడు, అది మంచిదే అనుకోవాలి. యుద్ధం తర్వాత కంపెనీ మునుపటిలా కోలుకోలేదు. ఆఖరికి ఆ పేరును స్విట్జర్లాండ్‌కు చెందిన ఒక కుటుంబ సంస్థ తీసుకుంది.

సావ్ ఫెలిక్స్ నది ఒడ్డున ఇప్పుడు డానెమన్ సాంస్కృతిక కేంద్రం ఉంది. తెల్లబట్టలు కట్టుకున్న ఆడవాళ్లు వరసగా బల్లల ముందు కూర్చుని, చూడవచ్చినవాళ్ల ఎదుటే చేత్తో చుట్టలు చుడతారు. అక్కడి భాషలో వాళ్లను షరుతైరాలంటారు. ఆ భవనంలోనే 1991లో రెకాంకవో కళాప్రదర్శన మొదలైంది. రెండేళ్లకోసారి ఆ చుట్టుపక్కల ఊళ్ల కుర్రకారు తాము వేసిన బొమ్మలు తెచ్చి అక్కడి గోడలకు తగిలిస్తూ వచ్చారు.