జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు

మెకానిక్కులకు, హెల్పర్ కుర్రాళ్ళకు, ట్రాక్టరు, ఆటో, టిప్పరు, కారు ఓనర్లకు, ఇంటి వాకిట్లోనే బండి ఎత్తి పని కానిచ్చుకునే ప్రతి ఒక్కరికీ:

పోయిన వారం అడ్డరోడ్డు షెడ్డులో ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. ట్రాక్టరు వెనక ఇరుసు కింద బాటిల్ జాకీ ఒక్కటే ఉంది. జాకీ కింద పెట్టిన చెక్కముక్క వానకు నానిన రేగడిలో ఒక పక్కకు కుంగింది, జాకీ ఒరిగింది. కింద పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట: "వాడి అజాగ్రత్త." మూడో రోజు పెద్దమనుషుల పంచాయితీ. నాలుగో రోజు అదే షెడ్డులో అదే జాకీ మీద ఇంకో బండి లేచింది. అది కళ్ళారా చూశాకే ఈ కరపత్రం అచ్చు వేయించాం.

అడిగేది ఒక్కటే. ఇనుప స్టాండ్ల మీదకు దించని బండి కిందకు ఎవరూ దూరకూడదు. ఓనరు తొందరపెట్టినా సరే, రెండు నిమిషాల పనైనా సరే.

జాకీని నమ్మేవాళ్ళు ఒకసారి దాన్ని విప్పి చూడండి. రెండు టన్నుల ట్రాక్టరును పైన ఆపుతున్నది లోపలి నూనె. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్న నాటి నుంచీ అదే సూత్రం: చిన్న పిస్టనును కొడితే నూనె పెద్ద పిస్టనును లేపుతుంది. ఆ నూనె వెనక్కి పోకుండా కాపలా కాసేది ఒక రబ్బరు సీలు, వాల్వు దగ్గర చిన్న ఉక్కు గోళీ. సీలు అరిగినా, గోళీ కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా బండి కిందకు దిగుతుంది. మనం జాకీలను ఏళ్ళ తరబడి మట్టిలో పడేస్తాం. నూనె తగ్గితే చేతికందిన బ్రేకాయిల్ పోస్తాం. ఆ ఆయిలే సీలును ఉబ్బించి పాడుచేస్తుంది. కారు డిక్కీలో వచ్చే కత్తెర జాకీ టైరు మార్చడానికి మాత్రమేనని, అది ఎత్తిన బండి కిందకు వెళ్ళొద్దని కారుతో ఇచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకానికి ప్లాస్టిక్ కవరైనా విప్పని ఇళ్ళే ఎక్కువ.

ట్రాక్టరు సంగతి ఇంకా మోసం. గేరులో వదిలేశాం, ఇక కదలదు అనుకుంటాం. రెండు వెనక చక్రాలూ నేల మీద ఉన్నంతసేపే ఆ ధీమా. ఒక చక్రం గాల్లోకి లేవగానే డిఫరెన్షియల్ దాన్ని ఎటైనా తిరగనిస్తుంది. నేల మీది చక్రం ముందుకు దొర్లితే, లేచిన చక్రం వెనక్కి తిరుగుతుంది. గేరు మాత్రం వేసింది వేసినట్టే ఉంటుంది. మామూలు ట్రాక్టరుకు ముందు చక్రాలకు బ్రేకులే ఉండవు. వెనక రెండూ ఎత్తితే ఇక దాన్ని ఆపేది చక్రం కింద పెట్టిన దిమ్మ ఒక్కటే. చాలామంది అదీ పెట్టరు, కాలితో ఓ గులకరాయి తోసి ఊరుకుంటారు.

కాబట్టి బండిని ఎత్తేది గట్టి చప్టా మీదే. నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాకే జాకీ ముట్టుకోవాలి. వీల్ నట్లు బండి లేవకముందే వదులు చేసుకోవాలి, గాల్లో ఉన్న బండి నట్టు మీద పానా పెట్టి ఊగితే జాకీ కూడా ఊగుతుంది. లేపాక ఇరుసు కిందో ఛాసిస్ కిందో రెండు స్టాండ్లు పెట్టి, పిన్ను దిగిందో లేదో చూసి, జాకీని వదిలి బండి బరువు మొత్తం వాటి మీదకు దించాలి. ఆయిల్ చాంబరు కింద స్టాండు పెట్టేవాడికి పని రాదని అర్థం. దించాక భుజంతో గట్టిగా తోసి చూడండి. కదిలితే ఇప్పుడే కదలాలి, మీరు కిందకు వెళ్ళాక కాదు. విప్పిన చక్రాన్ని కూడా బండి కిందకు తోసి ఉంచండి, ఖర్చు లేని కాపలా. స్టాండుకు బదులు ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు పేర్చొద్దు. గోడలోలా బరువు సమంగా పరుచుకున్నప్పుడే వాటికి బలం, ఇరుసు ఒక చోట నొక్కితే చెప్పకుండా పగిలిపోతాయి. టిప్పరు తొట్టి, ట్రాలీ తొట్టి లేపి కింద పనిచేసేవాళ్ళు ఇనుప ప్రాపు నిలబెట్టి తీరాలి. హోసు పైపు ఒక్కటి పగిలితే తొట్టి అంతా మీదకు వచ్చేస్తుంది.

ఇక అసలు గొడవకు వద్దాం.

"అజాగ్రత్త" అన్న ముక్క ఎవరి నెత్తిన పాలు పోస్తోంది? స్టేషనులో అనుమానాస్పద మృతి కింద కాగితం రాస్తారు. 2024 దాకా 174 సెక్షను, కొత్త చట్టంలో 194. నిర్లక్ష్యంతో ఒకరి చావుకు కారణమైతే అయిదేళ్ళ దాకా జైలు పడే 106 సెక్షను కూడా అదే స్టేషనులో ఉంది. అది ఒక్క షెడ్డు ఓనరు గుమ్మం తొక్కగా మేం చూడలేదు. కుర్రాడే చూసుకోలేదని నలుగురు చెబితే చాలు, స్టాండు ఎందుకు లేదని అడిగే నోరే ఉండదు. జాకీ మీద బండి పెట్టింది ఎవరు? కిందకు దూరమన్నది ఎవరు? నెలల తరబడి నూనె కారుతున్న జాకీని "ఇంకా పనిచేస్తోందిగా" అన్నది ఎవరు? చచ్చినవాడు జవాబు చెప్పలేడు గనుక తప్పంతా వాడి ఖాతాలో రాసేశారు.

పంచాయితీలో రెండు లక్షలకు తేల్చారు, తండ్రి చేత వేలిముద్ర వేయించారు. చట్టం ఏం చెబుతోందో ఆ తండ్రికి ఎవరూ చెప్పలేదు, మేం చెబుతున్నాం. పనిలో చనిపోయిన కార్మికుడి పరిహారానికి 1923 నుంచీ చట్టం ఉంది. 2020 సామాజిక భద్రత కోడ్‌లోకీ అదే లెక్క వచ్చింది. నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఇచ్చిన అంకెతో హెచ్చించాలి. పంతొమ్మిదేళ్ళకు ఆ అంకె 225.22. పన్నెండు వేల జీతగాడైతే 13,51,320 రూపాయలు. ఇంకో మాట కూడా వినండి. దెబ్బ తగిలిన కేసుల్లో కార్మికుడు తాగి ఉన్నాడనో, చెప్పిన మాట వినలేదనో యజమాని వాదించవచ్చు. చనిపోతే ఆ వాదన చెల్లదని చట్టంలోనే ఉంది. మరి వాడి అజాగ్రత్తను పంచాయితీలో తూకం వేసిన పెద్దమనుషులు ఏ పుస్తకం చూసి వేశారు?

ఇన్స్పెక్టర్లు రారా అంటారు. రారు. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట పది మంది ఉంటేనే వర్తించేది. దాని కింద క్రేన్లు, గొలుసులు, కప్పీలు కనీసం ఏడాదికోసారి పరీక్ష చేయించాల్సి ఉండేది. 2020 భద్రత కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. మన షెడ్డులో నలుగురుంటే గొప్ప. ఇలా కాక వేరే దారి లేదంటారా, ఆర్టీసీని చూడండి. 1932లో నిజాం ఏలుబడిలో 27 బస్సులతో మొదలైన సర్వీసు అది, ఇవాళ దాని డిపోల్లో బస్సు కిందకు నిలబడి నడిచి వెళ్ళేందుకు గోతులున్నాయి. అదే బస్సు ప్రైవేటుదైతే రోడ్డు పక్కన జాకీ మీద లేస్తుంది, కింద మెకానిక్కు వెల్లకిలా పడుకుంటాడు.

స్టాండు పెడితే ఆలస్యమంట. అయిదు నిమిషాలు. మా నాన్న ముప్పై ఏళ్ళు ఇలాగే చేశాడంటారు కొందరు. నలిగిపోయినవాళ్ళ కొడుకులను కూడా ఒకసారి అడగండి. డబ్బుల్లేవంటారా? ట్రాక్టరు మీద డీజే బాక్సులకు, మడ్‌గార్డు మీద పేరు రాయించడానికి ఉన్నాయి. కారుకు సరిపడే స్టాండ్ల జత ఒక టైరు ఖరీదు చేయదు. కోతల సీజనులో షెడ్డు ముందు కుర్చీ వేసుక్కూర్చుని అరగంటకోసారి "అయిందా" అని అరిచే ట్రాక్టరు ఓనరూ ఈ చావులో వాటాదారే. ఆయనకు నొప్పి కలిగినా ఈ మాట అనక తప్పదు.

స్పేర్ పార్ట్స్ కొట్లవాళ్ళకు: షెడ్డుకు జాకీ అమ్మితే స్టాండ్లు కూడా అంటగట్టండి. మీకూ లాభమే. ఓనర్ల సంఘాలకు: అడ్డా దగ్గర ఒక సిమెంటు చప్టా, అందరికీ ఉమ్మడిగా నాలుగు లారీ స్టాండ్లు, ఈ సీజను చందాల్లోంచే. లేబర్ ఆఫీసుకు: పద్నాలుగేళ్ళు నిండని పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లోనే చట్టం సవరించారు. మన షెడ్లలో పానాలు అందిస్తున్నది ఎవరో ఒక్క పూట వచ్చి చూడండి. తల్లిదండ్రులకు: వేలిముద్ర వేసేముందు లేబర్ ఆఫీసులో ఒక అర్జీ పడేయండి, లెక్క వాళ్ళనే కట్టమనండి.

హెల్పర్ తమ్ముళ్ళకు: జాకీ మీద ఉన్న బండి కిందకు వెళ్ళమంటే వెళ్ళనని చెప్పండి. పనిలోంచి తీసేస్తానంటే ఈ కాగితం చూపించి మా దగ్గరకు రండి, మేం వచ్చి ఆ షెడ్డు ముందు కూర్చుంటాం. చదివాక దీన్ని పారేయకుండా షెడ్డు గోడకు, జాకీ పెట్టే చోట అంటించండి.