నొప్పికి మందు అమ్రాబాద్ చేరాలి

1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో కుదిరిన మాదకద్రవ్యాల ఒప్పందానికీ, నల్లమల అంచున అమ్రాబాద్‌లో మంచం పట్టిన క్యాన్సర్ రోగికీ సంబంధం ఉంది. నల్లమందు నుంచి వచ్చే మందులు దుర్వినియోగం కాకుండా చూడాలని ఆ ఒప్పందం దేశాలను కోరింది. నొప్పి తగ్గించడానికి అవి తప్పనిసరి కాబట్టి రోగులకు అందేలా చూడాలని కూడా అంతే స్పష్టంగా చెప్పింది. మన దేశం మొదటి మాటను గట్టిగా పట్టుకుంది, రెండో మాటను వదిలేసింది.

1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం కింద మొదట్లో చాలా నేరాలకు కనీస శిక్ష పదేళ్ల జైలుగా ఉండేది. నల్లమందు నుంచి తీసే మార్ఫిన్‌ను నిల్వ చేయాలంటే ఆస్పత్రులు నాలుగైదు లైసెన్సుల కోసం ఎక్సైజ్ కార్యాలయాల చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఆ తలనొప్పి ఎందుకని చాలా ఆస్పత్రులు తెప్పించడమే మానేశాయి. 1997 నాటికి దేశమంతటా ఏడాది మార్ఫిన్ వాడకం 18 కిలోలకు పడిపోయింది. విచారకరం ఏమిటంటే, చట్టం వచ్చిన మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్‌ను ప్రధాన మందుగా సిఫారసు చేసింది. గసగసాల పంట మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ అనుమతితోనే పండుతోంది, మన నల్లమందు విదేశాలకు ఎగుమతవుతోంది. మన రోగులు మాత్రం నొప్పితో కేకలు పెడుతూ ప్రాణాలు విడిచారు.

ఈ తప్పును సరిదిద్దడంలోనూ దేశాల మధ్య సహకారమే పనికొచ్చింది. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ నిపుణులు ఏళ్ల తరబడి ప్రభుత్వాల వెంటపడ్డారు. చివరికి 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. గుర్తింపు పొందిన వైద్య సంస్థకు ఒకే అనుమతి చాలన్నది ఆ సవరణ సారం. అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ, ఉపశమన వైద్యాన్ని (పాలియేటివ్ కేర్) ఆరోగ్య వ్యవస్థలో భాగం చేయాలని అన్ని దేశాలనూ కోరుతూ తీర్మానించింది.

మన దగ్గర ఈ సహకారం హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో కనిపిస్తుంది. డాక్టర్ గాయత్రి పాలట్ బృందం కెనడాకు చెందిన టూ వరల్డ్స్ క్యాన్సర్ కొలాబొరేషన్ తోడ్పాటుతో అక్కడ ఉపశమన వైద్య విభాగాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం చేవెళ్ల, మహబూబ్‌నగర్ వంటి చోట్ల పాలియేటివ్ కేంద్రాలు తెరిచింది. ఇది నిజంగా మెచ్చుకోదగ్గ పని.

కానీ దూరం చూడండి. అమ్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ వెళ్లడమే ఒక ప్రయాణం. కీమో ఎక్కించుకుని, కరెంటు (రేడియేషన్) పెట్టించుకుని, ఇక ఇంటికి తీసుకెళ్లండని డాక్టర్లు చెప్పాక తండాకు తిరిగొచ్చిన మనిషిని మాత్రల కోసం మళ్లీ బస్సెక్కమనగలమా? పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతంలో చాలా ఇళ్లలో వయసులో ఉన్నవాళ్లు వలసపోయారు. ముసలి తల్లి పక్కన ఉండేది మరో ముసలి ప్రాణమే. నల్గొండ జిల్లా దేవరకొండ వైపు తండాల్లోనూ ఇదే పరిస్థితి.

ఇక్కడ మనం పాఠం నేర్చుకోవాల్సింది సంపన్న దేశాల నుంచి కాదు, ఉగాండా నుంచి. డాక్టర్లు తక్కువగా ఉన్న ఆ దేశం, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు మార్ఫిన్ రాసేలా 2004లోనే నిబంధనలు మార్చింది. నోటి ద్వారా తాగే మార్ఫిన్ ద్రావణాన్ని రోగులకు ఉచితంగా ఇస్తోంది. మన చట్టం నర్సులకు ఆ అధికారం ఇవ్వదు. ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అది జరిగేదాకా, డాక్టర్ రాసిన మాత్రలను ఏఎన్‌ఎం ఇంటికి తీసుకెళ్లి, వేళకు వేయడమెలాగో, మలబద్ధకం రాకుండా ఏం చేయాలో ఇంట్లోవాళ్లకు నేర్పే ఏర్పాటైనా చేయవచ్చు. దీనికి కావలసింది శిక్షణ, రిజిస్టరు, పర్యవేక్షణ. ఖరీదైన యంత్రాలతో పనిలేదు.

మూడేళ్లలో అన్ని జిల్లా ఆస్పత్రుల్లో క్యాన్సర్ డేకేర్ కేంద్రాలు తెరుస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. నల్గొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటల్లో అవి తెరుచుకునే రోజునే మార్ఫిన్ అనుమతి, శిక్షణ పొందిన డాక్టరు, ఇళ్లకు వెళ్లే నర్సు సిద్ధంగా ఉండాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల ఎమ్మెల్యేలు, కలెక్టర్లు ఆ మూడింటినీ రాతపూర్వకంగా అడిగి సాధించాలి.