అగ్గిపెట్టెలో పురుగు



పురుగు అనగానే మనకు గుర్తొచ్చేది మందు. పత్తిచేలో, మిరపతోటలో పురుగుతో పోరాడే మనవాళ్లకు, ఎవరైనా పురుగుల చదువుకే జీవితం ఇచ్చారంటే నవ్వొస్తుంది. "దానివల్ల ఏం ఒరుగుతుంది?" అని మేమూ అన్నవాళ్లమే. పోయిన వేసవిలో వీబీఎస్‌కు ఒక పాప అగ్గిపెట్టెలో పురుగును తెచ్చి చూపిస్తే, "పారేసి వచ్చి కూర్చో" అన్నాం.

అది తప్పని ఇప్పుడు అనుకుంటున్నాం.

పెంకుపురుగుల్లో ఈకల్లాంటి రెక్కలున్న కుటుంబం ఒకటుంది. వాటిలో స్కైడోసెల్లా అనే జాతిని 1999లో, నికరాగువాలో దొరికిన వాటిని చూసి వర్ణించారు. దాని పొడవు కచ్చితంగా తేలింది 2015లో. మాస్కో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్సీ పొలిలోవ్, కొలంబియాలో శిలీంధ్రం మీద దొరికిన 85 పురుగులను కొలిచారు. అన్నిటికన్నా చిన్నది 0.325 మిల్లీమీటర్లు. అలాంటివి మూడు వరసగా పెట్టినా ఒక్క మిల్లీమీటరు నిండదు. ఆవగింజ పక్కన పెడితే గింజే కొండ.

అంత చిన్న ప్రాణికి గాలి కూడా పాకంలా అడ్డుపడుతుంది. అందుకే దాని రెక్క పొర కాదు, సన్నని కాడకు వెంట్రుకల అంచు. ఆ కుటుంబానిదే వియత్నాంలోని మరో పురుగును పొలిలోవ్ బృందం వేగమైన కెమెరాలతో చిత్రించి, 2022లో ఫలితం ప్రకటించింది. అది రెక్కలను 8 అంకెలా తిప్పుతూ, తనకు మూడింతలున్న పురుగులతో సమానంగా ఎగురుతుంది.

కూలి డబ్బులతో పిల్లల్ని చదివించే తల్లిదండ్రులు ముందు ఉద్యోగం చూసుకుంటారు. అందులో తప్పు లేదు. కానీ చూడటానికి ఫీజు కట్టనక్కర్లేదు కదా! ఉపయోగం లేనిదాన్ని చూడనవసరం లేదనే అలవాటు పురుగులతో ఆగదు. గుడిలో వెనక చాపమీద కూర్చునే ముసలమ్మ చందా వేయలేదు, పాట ఎత్తలేదు. ఆమె పేరు మనలో ఎందరికి తెలుసు? సృష్టికర్త అంత శ్రద్ధగా చేసిన రెక్కను చూడటానికి ఒకరు ఏళ్లకేళ్లు ఇచ్చారు. మనం అగ్గిపెట్టె తెరవడానికి ఒక్క నిమిషం ఇవ్వలేదు.

ఈ ఆదివారం ఆ పాపను పిలిచి, మళ్లీ తెమ్మని అడుగుతాం. ఈసారి పిల్లలతో పాటు మేమూ వంగి చూస్తాం.

చిన్నవాటిని చూసే కన్నులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.