జొన్నసీమకు గోధుమవ్యాధి

శ్రీనాథుని చాటువులయందు జొన్నకూటికి పేరుమోసిన పలనాడు, 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన పిదప వరియన్నమునకు అలవడి, ఇప్పుడు నరసరావుపేట మొదలు మాచర్ల వరకు మధుమేహభీతిచే రాత్రివేళ చపాతీని ఆశ్రయించుచున్నది. ఈ మార్పును తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. గోధుమ వెంట రాగల సీలియాక్ వ్యాధిని గూర్చి మనవారికి తగిన యెఱుక లేదనుటయే నా విచారము.

గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అను మాంసకృత్తును శత్రువుగా నెంచి, దేహరక్షణవ్యవస్థ చిన్నప్రేవు లోపలిపొరను తానే క్షీణింపజేయుట ఈ వ్యాధిలక్షణము. 2016లో వెలువడిన పరిశోధన ప్రకారము ఉత్తరభారతమున వేయిమందిలో ఎనమండుగురికి పైగా దీనికి లోనుకాగా, దక్షిణాదిన పదివేలమందిలో ఒక్కరు మాత్రమే లోనైరి. ఐనను వ్యాధికి చోటిచ్చు జన్యువులు ఇరుప్రాంతములందును దాదాపు సమానముగనే యున్నవి. పెద్ద భేదము, అక్కడివారు దినమునకు సగటున 455 గ్రాముల గోధుమ తినగా ఇక్కడివారు 25 గ్రాములు తినుటలోనే కలదు. మనలను ఇంతకాలము కాపాడినది మన కంచమే గాని మన రక్తము కాదు.

ఆ జన్యువులుండి గోధుమ తినువారిలోను కొందఱికే వ్యాధి యేల కలుగవలె నను ప్రశ్నకు వైరస్సుల వైపునుండి ఒక సమాధానము వినవచ్చుచున్నది. రోగమేమియు కలిగింపని రియోవైరస్ సైతము, ఎలుకల ప్రేవులలో గ్లూటెన్‌పట్ల నుండవలసిన సహనమును చెఱచినట్లు 2017లో శాస్త్రజ్ఞులు చూపిరి. మాటిమాటికి రోటావైరస్ సోకిన బిడ్డలలో సీలియాక్ సూచనలు హెచ్చుగా కనబడినట్లు అమెరికాలోను, ఆ వైరస్‌కు టీకా పొందినవారిలో వ్యాధి తక్కువగా నున్నట్లు ఫిన్లండులోను తేలినది. ఇది బలమైన అనుమానమే, నిర్ధారణ కాదు. కాని రోటావైరస్ విరేచనములు తమంతట తామే పసిప్రాణములకు ముప్పు గావున, అనుమానము తీరువరకు వేచియుండ నక్కఱలేదు. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారించిన రోటావాక్ టీకా కలదు. 2016లో ఈ టీకాను ఉచితముగా ప్రవేశపెట్టిన తొలి నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆఱు, పది, పదునాలుగవ వారములలో చుక్కలు ఒక్కమాఱైనను తప్పకుండ చూచుట గురజాల పల్లెలలోని ఆశా కార్యకర్తలకు తల్లిదండ్రులు తోడ్పడవలసిన పని.

ఇక వైద్యులకు నా విన్నపము: ఇనుపమందు ఎంత పోసినను రక్తము పట్టని బిడ్డను, ఎదుగుదల నిలిచిన బిడ్డను చూచినపుడు, ఇది ఉత్తరాది రోగమని త్రోసిపుచ్చక రక్తపరీక్ష చేయింపవలెను, అదియును గోధుమ మాన్పింపక పూర్వమే, ఏలయన మానిన పిదప పరీక్ష రోగమును దాచివేయును. వ్యాధి తేలిన యింట చపాతీ, బొంబాయిరవ్వ ఉప్మా, మైదా బిస్కత్తు మానిపించుట తల్లికి వెంటనే తోచును. పులిహోర తాలింపులో వేయు పొడి ఇంగువలోను తఱచు గోధుమపిండి కలిసియుండునని ఆమెకు చెప్పవలసినవాడు వైద్యుడే.