మా తమ్ముడు వినని ఖుత్బా



"చర్చిలోకి నువ్వెందుకు పోయావు బేటా?" ఫోనులో అమ్మీ అడిగిన మొదటి సవాల్ ఇది. ఒకటి కాదు అమ్మీ, మూడు చూశా అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "నమాజ్ వదల్లేదు కదా?" అంది. వదల్లేదు. రెండో చర్చి పార్కింగ్ లో కారు పక్కన జానమాజ్ పరుచుకుని జొహర్ చదువుకున్నా.

అసలు సంగతి చెప్తాను. అమెరికాలో డాలస్ పక్కన ఇర్వింగ్ లో మా ఆపా ఉంటుంది. ఆ చుట్టుపక్కల తెలుగు వినపడని వీధి తక్కువ. ఆపా పక్కింట్లో ఉండేది గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆయన్ను నేను అన్నా అంటాను, ఆయన నన్ను భాయ్ అంటాడు. ఆదివారాలు తన చర్చిలో సౌండ్ మిక్సర్ ముందు కూర్చోవడం ఆయన ఖిద్మత్. చర్చిల కోసం టెక్నాలజీ సదస్సు జరుగుతోంది, జర్నలిస్టువి కదా, వస్తావా అన్నాడు. చివరి రోజున పెద్ద చర్చిలు చూపిస్తారన్నాడు. పోయాను.

అక్కడి చర్చిల సైజు మన అందాజాకు అందదు. వారానికి సగటున 2,000 మంది వస్తే మెగాచర్చి అంటారు. డాలస్ పక్కనే ప్లానోలో ప్రెస్టన్‌వుడ్ బాప్టిస్ట్ చర్చి హాల్లో దాదాపు 7,000 సీట్లు. హ్యూస్టన్ లో లేక్‌వుడ్ చర్చి అయితే ఒకప్పటి బాస్కెట్‌బాల్ స్టేడియం. 2005లో దాన్ని చర్చిగా మార్చారు. 16,000 మంది పడతారు.

లోపల చూస్తే టీవీ స్టూడియోలా ఉంటుంది. క్రేన్ మీద కెమెరాలు, పైనుంచి గుత్తులుగా వేలాడే స్పీకర్లు, తెర మీద పాట లైన్లు మార్చడానికి ఒక సాఫ్ట్‌వేర్, ఎవరు ఏ డ్యూటీలో ఉన్నారో చెప్పడానికి ఇంకొకటి. చిన్నపిల్లాణ్ని పిల్లల గదిలో వదిలితే రెండు చీటీలు ప్రింటవుతాయి. ఒకటి పిల్లాడి చొక్కాకు, ఒకటి తల్లి చేతికి. రెండింటి మీదా ఒకే నంబరు. నంబరు కలిస్తేనే పిల్లాణ్ని అప్పగిస్తారు.

ఇవన్నీ చూసి నాకు షౌక్ పుట్టలేదు. నిజం చెప్పాలంటే కొన్నిచోట్ల దిల్ ఉదాస్ అయింది. లైట్లు ఆర్పి, పొగ వదిలి, డ్రమ్ము కొట్టి ఏడిపిస్తే, ఆ కన్నీళ్లు అల్లాహ్ కోసమా, మ్యూజిక్ కోసమా? ఇబాదత్ కు సాదగీ కావాలని నమ్మేవాణ్ని నేను. ఈ మాట అన్నతో అంటే ఆయన కోప్పడలేదు. "మాలో కూడా ఇదే గొడవ భాయ్" అన్నాడు.

నన్ను ఆపింది మూడో చర్చిలో ఒక మూల. స్టేజీకి ఎడమవైపు రెండు వరసల కుర్చీలు వదిలేసి ఉన్నాయి. వాటికి ఎదురుగా చిన్న వేదిక, దాని మీదకు ఒక లైటు. ఏమిటని అడిగాను. చెవిటివాళ్లు కూర్చునే చోటట. పాస్టర్ మాట్లాడుతుంటే ఒకరు ఆ లైటు కింద నిలబడి సైగల్లో చెప్తారు. కొంచెం వినపడేవాళ్ల కోసం నేల కింద ఒక తీగ చుట్టి ఉంది. మైకు శబ్దం ఆ తీగ నుంచి నేరుగా చెవి మిషన్ లోకి పోతుంది, చుట్టూ ఉన్న గోల కలవదు. భాష రాని వాళ్లకు హెడ్‌ఫోన్లు, అందులో తర్జుమా.

నేను ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. మా తమ్ముడు గుర్తొచ్చాడు.

మా తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. చెవిటి పిల్లల బడిలో తెలుగులో చదువుకున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా ఒక్క జుమా వదల్లేదు. నాకంటే ముందు గుసుల్ చేసి, అత్తర్ పూసుకుని గుమ్మంలో నిలబడతాడు. మస్జిద్ లో పక్కవాడి భుజం చూసి రుకూకు వంగుతాడు, సజ్దాకు దిగుతాడు. బయాన్ జరిగినంతసేపూ ఇమామ్ సాబ్ మొహం కేసి చూస్తూ కూర్చుంటాడు. ఒకసారి బయటికొచ్చాక, ఇవాళ ఏం చెప్పారని సైగ చేశాడు. మంచి మాటలు అని రెండు వేళ్లతో జవాబిచ్చి బండి స్టార్ట్ చేశాను. ఆ రోజు నా గైరత్ ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలియదు.

మా మస్జిద్ లో పాలరాయి ఉంది. ఏసీలు ఉన్నాయి. గల్ఫ్ నుంచి వచ్చిన చందాతో పెద్ద ఝూమర్ వేలాడదీశారు. ఇన్నేళ్లలో ఏ కమిటీ అయినా, లోపల కూర్చున్న వాళ్లలో మాట అందని వాళ్లు ఎవరని లెక్క వేసిందా? మా తమ్ముడొక్కడే కాదు. పై అంతస్తులో ఆడవాళ్లకు చోటిచ్చిన మస్జిద్ లలో అక్కడి స్పీకర్ పనిచేస్తోందో లేదో ఎవరు చూస్తున్నారు? ఇంగ్లిష్ మీడియంలో చదివే మన పిల్లలకు గాఢమైన ఉర్దూ బయాన్ ఎంత అర్థమవుతోంది? తరతరాలుగా తెలుగే మాదరీ జబాన్ అయిన దూదేకుల బంధువుల మాటేమిటి? నేను ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాణ్ని. ఉర్దూ మీద నాకున్న మొహబ్బత్ ఎవరికీ తీసిపోదు. కానీ దీన్ ఉర్దూకు మాత్రమే దిగలేదు కదా. ఖురాన్ షరీఫ్ కు మొదటి తెలుగు తర్జుమా 1925లో చేసింది చిలుకూరి నారాయణరావు గారు, ఒక హిందూ పండితుడు. నూరేళ్లు దాటినా ఎన్నో మస్జిద్ లలో తెలుగు బయాన్ అంటే ఇంకా బహస్ పెడుతున్నాం.

ఇది ఈసాయీల నఖల్ అని కొందరు అంటారు. భాయీ, హరమ్ షరీఫ్ లో జుమా ఖుత్బాను సైగల భాషలో అందిస్తున్నారు, ఎన్నో భాషల్లోకి తర్జుమా చేస్తున్నారు. అది ఎవరి నఖల్? లౌడ్‌స్పీకర్ వచ్చిన కొత్తలో అందులో నమాజ్ జాయెజా కాదా అని మన ఉలమా ఏళ్ల తరబడి బహస్ చేశారు. ఇవాళ అదే లౌడ్‌స్పీకర్ కోసం పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతున్నాం. ఇక సూరయె అబస ఎవరి విషయంలో నాజిల్ అయిందో మన మక్తబ్ పిల్లాణ్ని అడిగినా చెప్తాడు. కళ్లు లేని సహాబీ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ రజి. విషయంలో. ఆయన తర్వాత మస్జిదె నబవీలో ముఅజ్జిన్ కూడా అయ్యారు. ఈ సబక్ మన ఇంట్లోదే. మనం అటకెక్కించాం.

అయితే ఆ సదస్సులో ఉన్నవన్నీ మనం తెచ్చుకోవాలని నేను అనడం లేదు. ఎవరు మూడు వారాలుగా రాలేదో, ఎవరెంత చందా ఇచ్చారో కంప్యూటర్ చెప్పే ఇంతెజాం అక్కడ చూశాను. వాళ్లకది ఖైరియత్ అడగడానికి పనికొస్తుంది. మనకు అదే లిస్టు భయం. 2001 తర్వాత న్యూయార్క్ పోలీసులు మస్జిద్ ల మీద నిఘా పెట్టిన సంగతి తర్వాత పేపర్లకెక్కింది. నమాజ్ టైములు చెప్పే ముస్లిం ప్రో యాప్ నుంచి జనం ఎక్కడ తిరుగుతున్నారన్న సమాచారం ఒక డేటా కంపెనీకి పోయిందనీ, ఆ కంపెనీ ఖాతాదారుల్లో అమెరికా మిలిటరీ కాంట్రాక్టర్లు ఉన్నారనీ 2020లో బయటపడింది. ముసల్లీల పేర్లు అమానత్. వాటిని ఏ యాప్ లోనూ పోయకండి.

మనకు కావాల్సింది మిషన్ కాదు, ఫిక్ర్. ప్రతి జుమాకు బయాన్ సారాంశం పది లైన్లు తెలుగులో రాసి నోటీసు బోర్డుకు అంటించడానికి ఎంత ఖర్చు? మొహల్లాలో ఒక నౌజవాన్ సైగల భాష నేర్చుకోవడం కష్టమా? 2015లో ఢిల్లీలో పెట్టిన భారతీయ సైగల భాష కేంద్రం నిఘంటువు ఇంటర్నెట్ లో ముఫ్త్ గా దొరుకుతోంది. నెలకోసారి ఆడవాళ్ల వైపు పోయి, స్పీకర్ వినపడుతోందా ఆపా అని అడిగించడానికి ఏ ఫత్వా కావాలి?

ఊరికి తిరిగొచ్చాక సదర్ సాబ్ కు చెప్పాను. "చూద్దాం, ఇన్షాఅల్లాహ్" అన్నారు. మన దగ్గర ఆ మాటకు మతలబ్ ఏమిటో మీకు తెలుసు. అందుకని నేనే ఒక నోటుబుక్కు కొన్నాను. మొన్న జుమాకు బయాన్ వింటూ ముఖ్యమైన మాటలు తెలుగులో రాశాను. అరబీ ఖుత్బా మొదలవగానే పెన్ను జేబులో పెట్టేశాను. నమాజ్ అయ్యాక తమ్ముడి చేతికిచ్చాను. వాడు మెట్ల మీద కూర్చుని చదివాడు. ఇంటర్ చదివే పక్కింటి అబ్బాయి ఒకడు వాడి భుజం మీంచి తొంగి చూసి, "చాచా, ఇవాళ బయాన్ ఇదా?" అన్నాడు.

తమ్ముడు పేజీ తిప్పి, కింద పెన్నుతో ఒక లైను రాసి నాకు తిరిగిచ్చాడు. "పోయిన వారం ఏం చెప్పారు?"

నాకు గుర్తు రాలేదు. వినపడే చెవులుండి, నేనూ వినలేదు.