వెళ్లిన ఊరి మాట నేర్వాలి

గుంటూరు నుంచి చెన్నై వెళ్లేవాళ్లు నాలుగు తమిళం ముక్కలు నేర్చుకోవాలని ముందే అనుకుంటారు. అదే గుంటూరు నుంచి ఆదిలాబాద్ వెళ్లేవాళ్లకు ఆ ఆలోచనే రాదు. అక్కడా తెలుగే కదా, ఇంకేం నేర్చుకోవాలి అన్న ధీమా. చిక్కంతా ఈ ధీమాతోనే. బ్యాంకులు, రైల్వేలు, ప్రైవేటు ఆసుపత్రులు, కాలేజీలు తెలుగువాళ్లను ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి నిత్యం తిప్పుతూనే ఉన్నాయి. వెళ్లినచోట జనం వాడే మాటలు నేర్చుకోవడం కొత్తగా వచ్చినవాళ్ల బాధ్యత. పదిమందికి పనిచేసిపెట్టే ఉద్యోగంలో ఉన్నవాళ్లకైతే అది ఉద్యోగ ధర్మం.

పొలం సంగతే చూడండి. కోస్తాలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. అంటే గుంటకు 121 చదరపు గజాలు, సెంటుకు 48.4. పంటరుణం కోసం వచ్చిన రైతు తనకు ముప్పై గుంటలుందంటే అది ముప్పావు ఎకరం అని బ్యాంకు అధికారికి చప్పున తట్టాలి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన అధికారికి గుంట అంటే ముందు గుర్తొచ్చేది చిన్నపిల్ల. పాడి పశువుకు బీమా రాయాలంటే కోస్తాలో గేదె, తెలంగాణలో బర్రె, రాయలసీమలో ఎనుము. ఆసుపత్రిలో పొరపాటు ఇంకా ప్రమాదం. తెలంగాణ పల్లెలో రోగి ‘మా అవ్వకు షుగరు ఉండె’ అంటే చాలాచోట్ల ఆ అవ్వ కన్నతల్లి. చిత్తూరు జిల్లాలో పెరిగిన డాక్టరుకు అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో. తల్లికి ఉన్న జబ్బును ఒక తరం వెనక్కి నెట్టి రాసుకుంటే, రోగికి ఆ జబ్బు వచ్చే అవకాశాన్ని తక్కువగా అంచనా వేసినట్టే.

మన పెద్దలు ఈ తేడాలను పట్టించుకున్నారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి జిల్లా జిల్లాలో రైతులు వాడే మాటలు సేకరింపజేసి కూర్చిన వ్యవసాయ పదకోశాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో అచ్చువేసింది. అంతకన్నా ముందు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష పట్టుబట్టి నేర్చుకున్నారు. వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాశారు, నిఘంటువు కూర్చారు. తమది కాని భాషను నేర్చుకోవడానికి ఆయన అంత శ్రమపడితే, మన తెలుగులోనే ఇంకో ప్రాంతం మాటలు నేర్చుకోవడానికి మనకు అడ్డేమిటి?

అడ్డు వెక్కిరింత అంటారు కొందరు. కోస్తా మనిషి తెలంగాణ మాట మాట్లాడితే ఎగతాళి చేస్తున్నట్టు ఉండదా అని వాళ్ల ప్రశ్న. ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. తెలుగు సినిమా దశాబ్దాలపాటు తెలంగాణ యాసను రౌడీలకూ హాస్యగాళ్లకూ అంటగట్టింది. ఆ గాయం నిజం. అయితే గాయపరిచింది ఆ మాట నోట పలకడం కాదు, దాన్ని తక్కువ చేసి పలకడం. 2017లో ‘ఫిదా’ సినిమాలో తమిళనాడుకు చెందిన నటి సాయిపల్లవి బాన్సువాడ పిల్లగా తెలంగాణ తెలుగులో తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పుకొంది. జనం నొచ్చుకోలేదు, మా ఇంటి పిల్లే అనుకున్నారు. వెక్కిరించేవాడు యాసను సాగదీసి నలుగురిని నవ్విస్తాడు. నేర్చుకునేవాడు ముందు వింటాడు, తెలియనిది అడుగుతాడు, అవసరమైనచోట వాడతాడు. ఈ తేడా ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

పత్రికల తెలుగు అందరికీ అర్థమవుతున్నప్పుడు ఈ శ్రమ ఎందుకని ఇంకో వాదన. అర్థం చేసుకోవడం వేరు, అందులో తన బాధ చెప్పుకోవడం వేరు. దాహమేస్తే దూపైతుందనో, ఒంట్లో బాగాలేకపోతే పానం బాగలేదనో చెప్పే మనిషిని, మంచి తెలుగులో చెప్పమనడం అన్యాయం. అతను మాటలు వెతుక్కోలేక సగం చెప్పి ఊరుకుంటే నష్టపోయేది అతనే. జీతం తీసుకుని బల్లకు ఇవతల కూర్చున్నవాళ్లే ఒక మెట్టు దిగాలి. సొంత యాస పోతుందన్న భయమూ అక్కర్లేదు. ఇంట్లో ఒక తీరుగా, ఆఫీసులో ఇంకో తీరుగా మాట్లాడటం మనందరికీ అలవాటే. ఆ రెంటికీ మూడోది తోడవుతుంది.

అందుకే దీన్ని ఉద్యోగుల మంచితనానికి వదిలేయకూడదు. కొత్తగా చేరేవాళ్లకు శిక్షణ ఇచ్చే బ్యాంకులు, ఆసుపత్రులు, కాలేజీలు ఆ జిల్లాలో చుట్టరికాలకు, జబ్బులకు, కొలతలకు, పంటలకు జనం వాడే మాటలతో ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాలి. ఆ పుస్తకం తయారుచేసే పని అక్కడే పుట్టి పెరిగిన సిబ్బందికి అప్పగించాలి. దానికయ్యే ఖర్చు బహుస్వల్పం. తన మాటలోనే తన గోడు చెప్పుకునే హక్కు మాత్రం పేదవాడికి దక్కుతుంది.